దీపం మారితే రంగు మారుతుంది: ఇంట్లోని వెలుగును పరీక్షించి, రంగును సరిగ్గా చూసే పద్ధతి

ఒక రాత్రి ట్యూబ్‌లైట్ కింద కూర్చుని గోధుమరంగు ప్యాంటు అంచు కుట్టుకుంటున్నాను. డబ్బాలోంచి నాలుగు గోధుమరంగు దారపు రీళ్లు తీసి, ఒక్కో దారాన్నీ బట్ట మీద పరిచి చూశాను. మూడోది బట్టలో కలిసిపోయింది. వేలితో తడిమితే తప్ప దారం ఎక్కడుందో తెలియలేదు. సంతోషంగా కుట్టు పూర్తిచేసి పడుకున్నాను. తెల్లారి కిటికీ దగ్గర చూస్తే, అంచు పొడవునా ఆకుపచ్చ ఛాయలో ఒక గీత కొట్టొచ్చినట్టు కనిపించింది. దారం అదే, బట్ట అదే, చూసిన కళ్లూ అవే. మారింది వెలుగు ఒక్కటే.

గోడకు పెయింటు వేయించినా, కుర్చీలకు గుడ్డ తొడిగించినా, ఫొటో ప్రింటు తీయించినా ఇలాంటి ఇబ్బంది చాలామందికి ఎదురవుతుంది. మనం తప్పంతా పెయింటు మీదకో, అద్దకం మీదకో, చివరికి మన కళ్ల మీదకో నెట్టేస్తాం. రంగును ఎంచే ముందు వెలుగును పరీక్షించుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు. అది ఎలాగో ఇక్కడ ఒక్కో మెట్టుగా చెబుతాను. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఒక పాత సీడీ, తెల్ల కాగితం, ఎర్రటి వస్తువు ఒకటి, పగటి వెలుగు వచ్చే కిటికీ ఉంటే చాలు.

ముందుగా: రంగు ఎక్కడ పుడుతుంది?

ఎర్ర గులాబీలో ఎరుపు నిండి ఉందని అనుకుంటాం. నిజానికి ఆ రేకు చేసేది ఒకటే పని. తన మీద పడిన వెలుగులోని నీలం, ఆకుపచ్చ భాగాలను చాలావరకు మింగేసి, ఎరుపు భాగాన్ని తిప్పి పంపుతుంది. పడిన వెలుగులో అసలు ఎరుపే లేకపోతే రేకు దేన్ని తిప్పి పంపుతుంది? తక్కువ పీడనపు సోడియం దీపం దీనికి మంచి ఉదాహరణ. దాని వెలుగు దాదాపు అంతా 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (వెలుగు అల పొడవు) దగ్గర, పక్కపక్కనే ఉండే రెండు సన్నని పసుపు గీతల్లోనే ఉంటుంది. ఆ దీపం కింద గులాబీ మురికి గోధుమరంగులోకి, దాదాపు నలుపులోకి దిగిపోతుంది. నీలిరంగు బట్టా అంతే. ఆ వెలుగులో కనిపించేవన్నీ ఒకే పసుపులోని ముదురు, లేత ఛాయలు.

ఇక కన్ను సంగతి. మన రెటీనాలో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఒక రకం పొట్టి తరంగాలకు, అంటే నీలం వైపు వెలుగుకు, మరొకటి మధ్య తరంగాలకు, ఇంకొకటి పొడవాటి తరంగాలకు ఎక్కువగా స్పందిస్తాయి. కంట్లో పడే వెలుగు ఎన్ని రంగుల కలయికైనా మెదడుకు రంగు గురించి అందేది ఈ మూడు రకాల స్పందనే. రెండు స్వరాలు కలిపి మోగిస్తే చెవి వాటిని విడదీసి వింటుంది. కంటికి ఆ శక్తి లేదు. ఎరుపు వెలుగు, ఆకుపచ్చ వెలుగు కలిసి పడితే, కన్ను వాటిని రెండుగా చూడదు, పసుపుగా చూస్తుంది.

ఈ ఒక్క విషయంలోంచే తక్కినవన్నీ వస్తాయి. రెండు దీపాలు చూడటానికి ఒకేలాంటి తెలుపులో వెలుగుతున్నా, వాటి లోపలి సరుకు వేరుగా ఉండొచ్చు. తెల్ల కాగితం మీద ఆ తేడా కనిపించదు. రంగున్న వస్తువు మీద పడగానే బయటపడుతుంది.

మొదటి మెట్టు: మీ దీపం లోపల ఏముందో చూడండి

గదిలో తక్కిన దీపాలన్నీ ఆర్పేసి, పరీక్షించాల్సినదాన్ని ఒక్కదాన్నే వెలిగించండి. సీడీని మెరిసే వైపు పైకి పెట్టి పట్టుకుని, దీపం ప్రతిబింబం కనిపించేలా మెల్లగా వాల్చండి. సీడీ మీద గాడులు 1.6 మైక్రోమీటర్ల ఎడంలో ఉంటాయి కాబట్టి అవి వెలుగును రంగులుగా విడదీస్తాయి. అంచు దగ్గర రంగుల పట్టీ కనిపించే దాకా కోణం మారుస్తూ పోండి. దీపం ఎంత చిన్నగా, ఎంత దూరంగా ఉంటే పట్టీ అంత స్పష్టంగా వస్తుంది. బల్బుకు అడ్డంగా, సన్నని చీలిక చేసిన అట్టముక్కను, తగలకుండా కాస్త దూరంలో పెడితే ఇంకా బాగుంటుంది.

పాతకాలపు ఫిలమెంటు బల్బు గానీ హాలోజన్ గానీ అయితే ఎరుపు నుంచి ఊదా దాకా ఎక్కడా తెగకుండా పట్టీ సాగుతుంది. ఎరుపు, నారింజ భాగాలు దట్టంగా ఉంటాయి, నీలం పలచబడుతుంది. తీగ వేడెక్కి వెలగడం వల్ల వచ్చే వెలుగు ఇది. అందులో అన్ని రంగులూ ఉన్నాయి, సమానంగా మాత్రం లేవు.

ట్యూబ్‌లైటు, సీఎఫ్ఎల్ పెట్టి చూస్తే దృశ్యమే వేరు. పట్టీ ముక్కలు ముక్కలుగా తెగి ఉంటుంది. ఒక ఎర్ర గీత, ఒక పచ్చని ఆకుపచ్చ గీత, నీలం దగ్గర ఇంకొకటి, వాటి మధ్య చీకటి ఖాళీలు. ట్యూబులోని పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తే, గాజు లోపలి ఫాస్ఫర్ పూత వాటిని కనిపించే వెలుగుగా మారుస్తుంది. మూడు రకాల ఫాస్ఫర్లు వాడిన ట్యూబుల్లో వెలుగు ఎక్కువగా మూడు చోట్లే కుప్పపడుతుంది. నా దారం నన్ను మోసం చేసింది ఈ ఖాళీల వల్లే. బట్ట అద్దకానికీ దారం అద్దకానికీ ఉన్న తేడా సరిగ్గా ఆ చీకటి భాగాల్లో పడింది. దాన్ని చూపించే వెలుగు ట్యూబులో లేదు.

ఎల్‌ఈడీ బల్బులో నీలం దగ్గర ఒక గట్టి మెరుపు, ఆ వెంటనే నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఒక పల్లం, ఆ తర్వాత ఆకుపచ్చ, పసుపు, నారింజల మీదుగా పరుచుకున్న వెడల్పాటి పట్టీ కనిపిస్తాయి. సాధారణ తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల ఉన్నది నీలి ఎల్‌ఈడీయే. సుమారు 450 నానోమీటర్ల నీలి వెలుగులో కొంత భాగాన్ని పైనున్న పసుపు ఫాస్ఫర్ మింగి పసుపుగా విడుదల చేస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి మన కంటికి తెలుపవుతాయి. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో వెలుగు మొత్తాన్నీ మార్చేసిన ఆవిష్కరణ అది. అయితే ఈ పద్ధతిలో చేసిన మామూలు బల్బుల్లో ముదురు ఎరుపు తక్కువ పడుతుంది. సీడీ మీద ఎరుపు చివర చూడండి. ఫిలమెంటు బల్బులో చాలా దూరం సాగే ఎరుపు ఇక్కడ తొందరగా మసకబారుతుంది.

రెండో మెట్టు: డబ్బా మీది రెండు అంకెలు చదవండి

ఈ రెండింటినీ కలిపేసి అయోమయపడేవాళ్లే ఎక్కువ. మొదటిది కలర్ టెంపరేచర్, కెల్విన్లలో రాస్తారు. ఇది దీపం తెలుపు ఎటు మొగ్గుతుందో చెబుతుంది. 2700 అయితే పసుపు మొగ్గు, 4000 మధ్యస్థం, 6500 నీలం మొగ్గు. అంకె పెరిగేకొద్దీ వెలుగు చల్లగా కనిపించడం వింతగా అనిపిస్తుంది కానీ, లోహాన్ని కాల్చినప్పుడు వేడి పెరిగేకొద్దీ ఎరుపు నుంచి పసుపుకు, ఆపై తెలుపుకు మారినట్టే ఈ కొలత కూడా.

ఇక్కడ ఒక కిటుకుంది. 2700కీ 3000కీ తేడా 300 కెల్విన్లే అయినా కంటికి బాగానే తెలుస్తుంది. అదే 6200కీ 6500కీ మధ్య 300 తేడాను పట్టుకోవడం కష్టం. కంటికి కనిపించే తేడాకు దగ్గరగా ఉండే కొలత మైరెడ్. పది లక్షలను కెల్విన్ల అంకెతో భాగిస్తే అది వస్తుంది. 2700కి 370, 3000కి 333. అంటే తేడా 37. 6200, 6500లకు అది 7 మాత్రమే. అందుకే పసుపు మొగ్గు బల్బులను పక్కపక్కన పెట్టేటప్పుడు అంకెలు కచ్చితంగా కలవాలి.

రెండోది సీఆర్‌ఐ, అంటే కలర్ రెండరింగ్ ఇండెక్స్. అదే కలర్ టెంపరేచర్ ఉన్న ప్రామాణిక వెలుగుతో పోలిస్తే ఈ దీపం కింద రంగులు ఎంత దగ్గరగా కనిపిస్తాయో చెప్పే అంకె ఇది. పూర్తిగా కలిస్తే 100. 6500 కెల్విన్ అని రాసి ఉంటే అది పగటి వెలుగుతో సమానమని నమ్మి కొనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ అంకె తెలుపు మొగ్గు గురించి చెబుతుందే తప్ప రంగులు ఎలా కనిపిస్తాయో చెప్పదు. 6500 కెల్విన్ల సీఆర్‌ఐ 70 దీపం కింద పగటి రంగులు కనిపించవు.

సీఆర్‌ఐకి కూడా లోపాలున్నాయి, అవి తెలిసి వాడుకోవాలి. సీఐఈ అనే అంతర్జాతీయ ప్రకాశ సంస్థ 1960ల్లో ఈ పద్ధతిని రూపొందించి, తర్వాత సవరించింది. డబ్బా మీద వేసే అంకె 8 నమూనా రంగుల సగటు. ఆ ఎనిమిదీ కాస్త వెలిసినట్టుండే మృదువైన రంగులే. చిక్కటి ఎరుపు వాటిలో లేదు. అది తొమ్మిదో నమూనా, పేరు ఆర్9, సగటులోకి రాదు. అందువల్ల ఒక ఎల్‌ఈడీ సీఆర్‌ఐ 80 అని దర్జాగా రాసుకుని, ఆర్9 దగ్గర సున్నా చుట్టుపక్కల ఉండిపోవచ్చు. ఒంటి రంగు, చెక్క, తోలు, ఎరుపు కలిసిన బట్టలు అలాంటి బల్బు కింద జీవం పోయినట్టు కనిపించేది ఇందుకే. రంగు చూసే పనికి బల్బు కొంటుంటే సీఆర్‌ఐ 90కి తగ్గకుండా, ఆర్9 వీలైనంత ఎక్కువగా ఉన్నది అడగండి. 50 దాటితే మంచిదనుకోవచ్చు. 2015లో వచ్చిన టీఎం-30 అనే కొత్త పద్ధతి 99 నమూనాలతో లెక్కిస్తుంది. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో ఒక అంకెలో, మొత్తంగా చిక్కబడుతున్నాయో వెలిసిపోతున్నాయో ఇంకో అంకెలో చెబుతుంది. తయారీదారు ఆ వివరాలు ఇస్తే అవే చూడండి.

ఇంకో లోపం మరీ ముఖ్యం. ఫిలమెంటు బల్బుకు సీఆర్‌ఐ దాదాపు 100. ఎందుకంటే దాన్ని పోల్చేది దానిలాంటి వేడి వెలుగుతోనే. అంతమాత్రాన అన్ని రంగులనూ అది బాగా చూపిస్తుందని కాదు. దానిలో నీలం తక్కువ కాబట్టి ముదురు నీలం సాక్సు, నల్ల సాక్సు ఒకేలా కనిపిస్తాయి. ఇలాంటి ముదురు రంగులు విడదీయాలంటే పగటి వెలుగులోకి వెళ్లాల్సిందే.

మూడో మెట్టు: అరచేతి పరీక్ష

డబ్బా పారేసి ఉంటే, లేదా దాని మీద ఏమీ రాసి లేకపోతే? పగటిపూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట మీ అరచేతిని చూసుకోండి. వేళ్ల చివర్ల ఎరుపు, గీతల మధ్య గులాబీ ఛాయ, మణికట్టు దగ్గర నరాల నీలి పచ్చదనం గమనించండి. తర్వాత కర్టెన్లు వేసి, దీపం కింద రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. మంచి దీపమైతే ఆ ఛాయలన్నీ విడివిడిగా నిలుస్తాయి. ఎరుపు తక్కువైన దీపం కింద చెయ్యి మొత్తం ఒకే పూత పూసినట్టు, కాస్త పాలిపోయి, ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది. మన ఒంటి రంగు మనకు పుట్టినప్పటి నుంచీ పరిచయం. దానిలో చిన్న తేడాను కూడా కన్ను ఇట్టే పట్టేస్తుంది. నాకు తెలిసిన పరీక్షల్లో ఇంత సులువైనదీ, ఇంత నమ్మదగినదీ లేదు.

నాలుగో మెట్టు: కంటికి టైమ్ ఇవ్వండి

సాయంత్రం చీకటిపడే వేళ వీధిలోంచి ఇళ్ల కిటికీలను చూస్తే, లోపలి బల్బుల వెలుగు నారింజ రంగులో ఉంటుంది. అదే ఇంట్లోకి వెళ్లి కాసేపు కూర్చుంటే గోడలు తెల్లగా, కాగితం తెల్లగా ఉంటాయి. నారింజ ఎటుపోయింది? ఎటూ పోలేదు, కన్ను అలవాటు పడింది. ఎర్రటి వెలుగు ఎక్కువైతే ఆ వైపు కోన్ కణాల స్పందనను తగ్గించుకుని, తెల్ల వస్తువు తెల్లగానే కనిపించేలా చూపు సర్దుకుంటుంది. ఈ సర్దుబాటులో పెద్ద భాగం మొదటి నిమిషంలోనే జరుగుతుంది, పూర్తి కావడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది.

దీన్నిబట్టి రెండు జాగ్రత్తలు. ఒకటి, బయటి నుంచి రాగానే రంగు గురించి తీర్పు చెప్పకండి. రెండు, రంగు చూసే చోట రెండు రకాల దీపాలు కలవనివ్వకండి. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క పసుపు బల్బు ఉంటే కన్ను దేనికి అలవాటు పడాలి? ఒకే గోడ ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా కనిపిస్తుంది. రెండు పెయింటు నమూనాలను అలాంటి చోట పోలిస్తే, పోల్చింది పెయింటును కాదు, వెలుగును.

అయితే ఈ సర్దుబాటుకు హద్దుంది. వెలుగు మొగ్గును కన్ను సరిచేసుకోగలదు కానీ, అసలు లేని రంగును తీసుకురాలేదు. సోడియం దీపం కింద గంట కూర్చున్నా గులాబీ ఎర్రబడదు.

ఐదో మెట్టు: ఏ రంగునైనా కనీసం రెండు వెలుగుల్లో చూడండి

ఒక వెలుగులో కలిసి, ఇంకో వెలుగులో విడిపోయే జంటల గుణాన్ని మెటామెరిజం అంటారు. అద్దకం పనివాళ్లు, పెయింటు కలిపేవాళ్లు రోజూ తలపట్టుకునేది దీంతోనే. ఒకే రంగును వేర్వేరు రసాయనాలతో తెచ్చినప్పుడు ఇది వస్తుంది. బట్టకూ దారానికీ, తోలుకూ ప్లాస్టిక్‌కూ, పాత పెయింటుకూ పైన వేసిన అతుకుకూ మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. బట్టల మిల్లుల్లో లైట్ బాక్స్ పెట్టుకుని, పగటి వెలుగును పోలిన డి65, దుకాణాల్లో వాడే ట్యూబు రకం టీఎల్84, ఫిలమెంటు బల్బును పోలిన ఏ, ఇలా ఒక్కో స్విచ్ వేస్తూ నమూనాలు పోల్చేది ఇందుకే. ప్రకృతిలోనూ ఇలాంటి చోద్యముంది. అలెగ్జాండ్రైట్ అనే రత్నం ఆకుపచ్చనూ ఎరుపునూ రెండింటినీ వదిలిపెడుతుంది. పగటి వెలుగులో ఆకుపచ్చదే పైచేయి, ఫిలమెంటు బల్బు కింద ఎరుపుదే పైచేయి. ఒకే రాయి, రెండు రంగులు.

లైట్ బాక్స్ లేకపోయినా పని జరుగుతుంది. నమూనాలను ఒకదానికొకటి ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. పగలు కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి మీరు నిజంగా వాడే దీపం కింద ఒకసారి చూడండి. రెండు చోట్లా కలిస్తే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. ఒక చోటే కలిస్తే, ఆ వస్తువును ఎక్కువ ఏ వెలుగులో చూస్తారో దానికి ఓటు వేయండి. పగలంతా బయట తొడుక్కునే బట్టకు పగటి వెలుగు, రాత్రిపూటే కూర్చునే గది గోడకు ఆ గది దీపం. గోడ పెయింటు అయితే చిన్న కార్డు చాలదు. పెద్ద అట్ట మీద రెండు పూతలు వేసి, దాన్ని గోడకు నిలువుగా ఆనించి చూడండి. నేల మీద పరిచి చూస్తే వెలుగు పడే కోణమే మారిపోతుంది.

ఆరో మెట్టు: వెలుగు చాలినంత ఉందా?

మసక వెలుగులో రంగు చూడటం వృథా. కాంతి బాగా తగ్గితే కోన్ కణాలు వెనక్కి తగ్గి, రంగు తెలియని రాడ్ కణాలు పని అందుకుంటాయి. అవి నీలి ఆకుపచ్చ వైపు వెలుగుకు బాగా స్పందిస్తాయి, ఎరుపుకు దాదాపు గుడ్డివి. మునిమాపు వేళ తోటలో ఎర్ర పువ్వులు ముందుగా నల్లబడి, ఆకులు ఇంకా కాంతిగా ఉండటం మీరు చూసే ఉంటారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గుర్తించి వివరించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ముద్రణ రంగంలో రంగులను కచ్చితంగా పోల్చడానికి 5000 కెల్విన్ల వెలుగు, సుమారు 2000 లక్స్ కాంతి కావాలని ఐఎస్ఓ 3664 ప్రమాణం చెబుతుంది. ఇళ్లలో అంత ఉండదు, కానీ దీపాన్ని దగ్గరకు తెచ్చుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపు తిరిగి నీలాన్ని వడకడుతుంది. పెద్దవాళ్లు ముదురు నీలం, నలుపు విడదీయలేక తడబడితే విసుక్కోకండి. వాళ్ల దగ్గర ఇంకో దీపం పెట్టండి.

చుట్టూ ఉన్న రంగులు కూడా వెలుగులో కలుస్తాయి. ఎర్ర కార్పెట్ మీద పడి లేచిన వెలుగు ఎర్రబడి వస్తుంది. నమూనా కింద బూడిదరంగు కాగితమో తెల్లదో పరచండి, మీరూ ముదురు రంగు చొక్కాతో మీదకు వంగకండి.

తెల్ల బట్టల సంగతి

తెల్ల కాగితంలో, బట్టల్లో, సబ్బుపొడుల్లో మెరుపు రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను మింగి నీలి వెలుగుగా బయటికి వదులుతాయి. పగటి వెలుగులో ఆ కిరణాలు ఉంటాయి కాబట్టి చొక్కా తళతళలాడుతుంది. మామూలు ఎల్‌ఈడీలో అవి దాదాపు ఉండవు. అందుకే అదే చొక్కా ఇంట్లో పాతబడినట్టు కనిపిస్తుంది. మళ్లీ ఉతకాల్సిన పనిలేదు.

ఏడో మెట్టు: ఫోన్ కెమెరాను సాక్ష్యంగా తీసుకోకండి

ఫోన్ ప్రతి ఫొటోకీ తెలుపును తానే ఊహించి సరిచేస్తుంది. పక్కన ఎర్ర గోడ ఉంటే ఒక రకంగా, లేకపోతే ఇంకో రకంగా. రంగు ఎవరికైనా పంపాల్సి వస్తే, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను ఒక అంకె దగ్గర స్థిరంగా పెట్టి, నమూనా పక్కన తెల్ల కాగితం ముక్క ఉంచి తీయండి. రెండు నమూనాలను ఒకే ఫొటోలో తీయండి, విడివిడిగా వద్దు. అయినా తుది నిర్ణయానికి వస్తువునే చేతిలోకి తీసుకోవాలి.

ఎనిమిదో మెట్టు: చోటును బట్టి దీపం

విశ్రాంతి గదికి 2700 నుంచి 3000 కెల్విన్లు హాయిగా ఉంటాయి. కుట్టుపని, బొమ్మలు వేయడం, అద్దం ముందు ముస్తాబు, బట్టల బీరువా, ఇలాంటి చోట్ల 4000 నుంచి 5000 మధ్య, సీఆర్‌ఐ 90 పైన ఉన్నది పెట్టండి. అద్దం ముందు దీపం నెత్తి మీద కాక ముఖానికి రెండు పక్కలా ఉంటే నీడలు పడవు. ఇల్లంతా ఖరీదైన బల్బులు మార్చక్కర్లేదు. రంగు చూసే చోట ఒక్కటి మంచిది ఉంటే చాలు. డిమ్మర్ వాడితే ఒక మాట గుర్తుంచుకోండి. ఫిలమెంటు బల్బును తగ్గించేకొద్దీ ఎర్రబడుతుంది. మామూలు ఎల్‌ఈడీని తగ్గిస్తే తెలుపు పెద్దగా మారదు, కాంతి తగ్గుతుంది అంతే.

ఒకే వరసలో ఉన్న బల్బుల్లో ఒకటి పోయి కొత్తది పెడితే, డబ్బా మీద అంకెలన్నీ కలిసినా అది పచ్చగానో గులాబీగానో తేడాగా కనిపించవచ్చు. కెల్విన్ అంకె పసుపు, నీలం మొగ్గునే చెబుతుంది తప్ప ఆకుపచ్చ, గులాబీ వైపు జరగడాన్ని చెప్పదు. 1942లో డేవిడ్ మెక్‌ఆడమ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి సూక్ష్మమైన తేడాలను కన్ను ఎక్కడ పట్టగలదో కొలిచాడు. ఆ హద్దులను చూపుతూ ఆయన గీసిన దీర్ఘవృత్తాల (కోడిగుడ్డు ఆకారపు గీతల) ఆధారంగానే నేటికీ ఎల్‌ఈడీలను వర్గాలుగా వేరుచేస్తారు. ఆ తేడా ఎన్ని మెట్లలోపు ఉందో స్టెప్ అంకె చెబుతుంది. 3-స్టెప్ లేదా అంతకంటే తక్కువ అని రాసి ఉంటే బల్బుకూ బల్బుకూ తేడా కంటికి పెద్దగా ఆనదు. ఆ వివరం దొరకకపోతే, వరసకు కావలసినవన్నీ ఒకే తయారీ నంబరులోవి తీసుకుని, రెండు ఎక్కువ కొని పక్కన పెట్టుకోండి.